ఒకే పొయ్యి ఉన్న బండి

కారవాన్ అంటే సినిమా హీరోలు మేకప్ వేసుకునే బండి అనుకునేదాన్ని. అందులో ఐదు రోజులు కాపురం చేశాక తెలిసింది, అది చక్రాలున్న ఇరుకిల్లు, అంతే. మంచం మడిస్తే బల్ల, బల్ల విప్పితే మంచం. బాత్‌రూమ్‌లో ఇటు నుంచి అటు తిరగాలంటే ముందు బయటికొచ్చి తిరిగి మళ్ళీ లోపలికెళ్ళాలి. అవన్నీ సర్దుకోవచ్చు. కానీ పొయ్యి ఒక్కటే. దాని ముందు నేనూ, నా తోటికోడలూ. సర్దుకోండి చూద్దాం!

ఆ ఏడాది దోహాలో ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు. ఆటలు మొదలవడానికి ఇంకో నెల ఉంది. మా ఆయన ఆఫీసు వెస్ట్ బేలో. ఆయన బాసు ఖతరీ. కప్పు చూడ్డానికి వచ్చేవాళ్ళకి అద్దెకిద్దామని ఆ బాసే ఈ కారవాన్ కొన్నాడు. అద్దెకిచ్చే ముందు దాన్ని దూరం తిప్పి, ఎక్కడేం ఊడుతుందో ఏం కారుతుందో చూసి చెప్పేవాళ్ళు కావాలి. గల్ఫ్‌లో ఉద్యోగాలు చేసుకునేవాళ్ళకి సౌదీ వాళ్ళు అప్పుడే కొత్తగా టూరిస్టు వీసాలిస్తున్నారు. బండి సరిహద్దు దాటడానికి అనుమతి కాగితం కూడా రాసిచ్చి, మీ కుటుంబంతో తిరిగి రండి అన్నాడు బాసు. ఊరికే వస్తోందంటే మా ఆయన ఒంటెనైనా ఎక్కుతాడు.

కుటుంబం అంటే మేమిద్దరం, మా పాప, మా మరిది, ఆయన భార్య. రియాద్ అవతల ఎడారిలో కొండల అంచులు చూసి రావాలని పథకం. అయితే కొండలు చూడ్డం ఒక సాకు. అసలు సంగతి వేరే ఉంది. దాన్ని బయల్దేరే ముందు రోజే మా ఆయన నా నెత్తిన పెట్టాడు.

ఆ రోజుల్లో దోహాలో ఇళ్ళ గొడవ ఇంతా అంతా కాదు. కప్పుకి జనం వస్తారని ఓనర్లు ఉన్నవాళ్ళని ఖాళీ చేయించి, కొత్త పరుపులు పరిచి, రోజు లెక్కన అద్దెలకిచ్చేసుకుంటున్నారు. మా మరిది వాళ్ళ ఫ్లాటు ఓనరు కూడా అగ్రిమెంటు పొడిగించనన్నాడు. మాది మదీనత్ ఖలీఫాలో పాత విల్లాలో ఒక పోర్షను. విల్లాని చెక్క గోడలతో ముక్కలు కోసి నాలుగు కుటుంబాలకి ఇచ్చారు. మా ముక్కలో రెండు గదులు, ఒక వంటిల్లు. ఆ వంటిల్లు ఒకప్పుడు కారు షెడ్డు. నేనే దగ్గరుండి అలమరలు కొట్టించి, సున్నం వేయించి, దాన్ని మనిషి నిలబడేలా చేశాను. దోహాలో నాది అని నేను గట్టిగా చెప్పగలిగేది ఆ వంటిల్లొక్కటే.

"కప్పు అయ్యేదాకా తమ్ముడు వాళ్ళు మనతో ఉంటే ఎలా ఉంటుంది?" అన్నాడు మా ఆయన. "నువ్వు సరే అంటేనే. ఈ ఐదు రోజులూ ఎలాగూ కలిసుంటాం కదా, చూసుకో. తిరిగి దోహా చేరేలోపు నాకు చెప్పు. వాడు మర్నాడే వాళ్ళ ఓనరుకి ఎప్పుడు ఖాళీ చేసేదీ చెప్పాలి."

చూసుకోమన్నాడు కాబట్టి చూశాను. చూసిన కొద్దీ నా కడుపు మండింది.

నా తోటికోడలిది జగిత్యాల దగ్గర పల్లె. మాది గుంటూరు వైపు. వాళ్ళ నాన్న ముప్పై ఏళ్ళ కిందటే గల్ఫ్‌కొచ్చి, క్యాంపుల్లో ఉండి, పిల్లని చదివించి, పెళ్ళి చేసి అప్పుడు వెనక్కి వెళ్ళాడు. ఈ పిల్ల దోహాకొచ్చి రెండేళ్ళయింది. నాకంటే చిన్నది, నాకంటే సన్నంగా ఉంటుంది, సరే, అవి దేవుడిచ్చినవి. కానీ చేతి వంట దేవుడిచ్చేది కాదు కదా! పొద్దున టిఫిను నాది, మధ్యాహ్నం కూర తనది అని పంచుకున్నాం. నా ఉప్మా తిని అందరూ చేతులు కడుక్కున్నారు. అంతే. మధ్యాహ్నం తను కోడికూర వండింది. మా ఆయన ఒక ముద్ద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

కళ్ళు మూసుకున్నాడండీ! పెళ్ళయినప్పటి నుంచీ నా చేతి వంట తింటున్న మనిషి. ఒక్క రోజు బాగుంది అన్న పాపాన పోలేదు. అడిగితే "బాగోకపోతే చెప్తాను కదా" అంటాడు. అలాంటి మనిషి "అబ్బబ్బ, ఏం కూరమ్మాయ్" అని లొట్టలేశాడు. మా పాప "పిన్నీ, ఇంకో ముక్క" అంది. ఇంట్లో కోడికూర వండితే అది ముక్కలన్నీ ఏరి కంచం పక్కన పెట్టే పిల్ల.

అప్పటికప్పుడు నాకు ఎసిడిటీ వచ్చేసింది. "మసాలా పడదు నాకు" అని పెరుగన్నం కలుపుకున్నాను. ఇక ఐదు రోజులూ అదే. పెరుగన్నం, ఆవకాయ. ఆవకాయతో ఎసిడిటీ ఎలా తగ్గుతుందని ఎవరూ అడగలేదు. నా మొహం చూసి అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆఖరి రోజు తెల్లవారుజామునే బయల్దేరాం. రియాద్ నుంచి దోహాకి మామూలు కారైతే ఇంత సేపు పట్టదు. ఆ బండి గాలొస్తే ఊగుతుంది, ఎత్తొస్తే మూలుగుతుంది. లోపల అలమరల్లో గిన్నెలన్నీ దారంతా వాయిద్యాలే. మా ఆయన నడుపుతున్నాడు, పక్క సీట్లో నేను. వెనక మా మరిది నిద్ర. పాప వాళ్ళ పిన్ని ఒళ్ళో తల పెట్టుకుని జడ వేయించుకుంటోంది. అద్దంలో కనిపిస్తూనే ఉంది. నేను జడ వెయ్యబోతే "లాగుతున్నావమ్మా" అని ఏడ్చే జుట్టే అది.

"ఏమాలోచించావు?" అన్నాడు మా ఆయన, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"దోహా చేరేలోపు కదా చెప్పమన్నావు. ఇంకా చేరలేదుగా."

"వాడికి టెన్షన్‌గా ఉంది. కొత్తగా ఇల్లు వెతుక్కోవాలంటే ఇప్పుడు మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన గది కూడా దొరకదు."

"నేను వద్దన్నానా?"

"సరే అనలేదు కదా."

నేను కిటికీ వైపు తిరిగాను. కిటికీలో ఇసుక తప్ప ఏం లేదు. వద్దంటే నేను గయ్యాళిని. సరే అంటే పొద్దున లేచి నా వంటింట్లో, నా పొయ్యి మీద, నా గిన్నెల్లో ఆవిడ కూర ఉడుకుతుంటే, నా మొగుడూ నా కూతురూ కంచాలు పట్టుకుని ఆవిడ చుట్టూ తిరుగుతుంటే, నేను తలుపు దగ్గర నిలబడి చూడాలి. రెంటిలో ఏది మేలో ఆ ఇసుకనడిగినా చెప్పేలా లేదు.

హుఫూఫ్ దాటాక పెట్రోలు కోసం ఆగాం. బంకు కుర్రవాడు పైపు పెడుతుంటే మా తోటికోడలు కాళ్ళు సాగదీసుకోవడానికి దిగి, పాపని "బండ్లు వస్తున్నయ్, ఇటు రా బిడ్డా" అని పిలిచింది. అంతే. ఆ కుర్రవాడు ఉలిక్కిపడి చూశాడు.

"అక్కా, మీది ఏ ఊరు?"

"జగిత్యాల దిక్కు. మీది?"

"కోరుట్ల అక్కా! నీ మాట ఇనంగనే మా చెల్లె యాదికొచ్చింది." ఇంకెవర్నో కేకేశాడు. లోపల్నుంచి ఇద్దరొచ్చారు. వాళ్ళదీ అటువైపే. వాన పడ్డదా, పొలాలెట్లున్నయ్, ఇంటికి ఎన్నడు పోతరు అని మాటలే మాటలు. చాయ్‌లు తెచ్చారు, పాపకి బిస్కెట్ ప్యాకెట్టు తెచ్చారు. మా మరిది జేబులో చెయ్యి పెడితే ఆ కుర్రవాడు నవ్వి, "మాఫీ ఫులూస్ అన్నా! మా అక్క వచ్చింది, పైసలు తీసుకుంటమా?" అన్నాడు.

అప్పుడు ఆవిడ నన్ను చూపించి "ఈమె మా యారాలు" అంది. యారాలంటే వాళ్ళ వైపు తోటికోడలు. వాళ్ళు నాకు దణ్ణం పెట్టి మళ్ళీ ఆవిడ వైపు తిరిగారు. దోహాలోనూ ఇదే వరస. ఏషియన్ టౌన్‌కి శుక్రవారం సరుకులకి వెళ్తే చాలు, నాలుగు వైపుల నుంచీ "అక్కా, అక్కా" అని పిలుపులు. నేను ఆవిడకంటే ఎన్నో ఏళ్ళ ముందొచ్చాను ఈ గల్ఫ్‌కి. నన్ను అక్కా అని పిలిచి చాయ్ ఇచ్చిన మానవుడు లేడు. ఎక్కడికెళ్ళినా మేడమ్ అంటారు.

బండెక్కగానే వాళ్ళమ్మ ఫోన్. స్పీకర్లో పెట్టింది.

"ఎక్కడిదాక వచ్చిండ్రు బిడ్డా? దుబాయ్ చేరిండ్రా?"

"దుబాయ్ కాదే అమ్మా, దోహా."

"ఏదో ఒకటి, అంత దుబాయేనాయె. మీ యారాలు మంచిగ చూసుకుంటున్నదా?"

"ఆ, మంచిగ చూసుకుంటున్నది" అంది ఆవిడ. వెంటనే స్పీకరు తీసేసింది.

మధ్యాహ్నం ఒక షెడ్డు నీడలో బండి ఆపి, ఆఖరి కూర వండింది. మిగిలిన కోడి మొత్తం ఒకేసారి వేసేసింది, ఇంటికి తీసుకెళ్ళి ఏం చేసుకుంటామని. గిన్నె నిండా అయింది. మా ఆయన, మరిది, పాప ఎంత తిన్నా సగం మిగిలింది. బండంతా ఆ వాసన. నేను మాత్రం పెరుగన్నం ముందు తపస్సు చేస్తున్నట్టు కూర్చున్నాను. మా తోటికోడలు నా కంచం వైపొకసారి చూసింది. తను కూడా నాలుగు మెతుకులు తిని లేచింది.

సరిహద్దుకి ముందు ఆఖరి బంకు దగ్గర మళ్ళీ ఆగాం. మగవాళ్ళిద్దరూ పాపని తీసుకుని, పాస్‌పోర్టులకి జిరాక్సులు తీయించి నీళ్ళు కొనుక్కొస్తామని వెళ్ళారు. తోటికోడలు మొహం కడుక్కోవడానికి దిగింది. కస్టమ్స్ వాళ్ళు బండెక్కి అలమరలన్నీ తీసి చూస్తారు కదా, కాస్త శుభ్రంగా ఉంచుదామని నేను వంట గట్టు సర్దడం మొదలుపెట్టాను. గ్యాసు బండ వెనక, పాత చున్నీ ముక్కలో చుట్టి, ఒక స్టీలు డబ్బా కనిపించింది.

మూత తీశాను. మసాలా పొడి. ఎండు కొబ్బరి, లవంగం, దాల్చినచెక్క. వాటి వెనకాల ఇంకేదో ఉంది. వేలితో అద్ది నాలుక మీద వేసుకున్నాను. పళ్ళ మధ్య సన్నగా గరగరలాడి, తర్వాత కమ్మగా కరిగింది. ఈ రుచి చూసి ఎన్నేళ్ళయిందో. గసగసాలు!

మన ఊళ్ళో కిరాణా కొట్టువాడు పొట్లం కట్టిచ్చే గసగసాలు గల్ఫ్‌లో మత్తుమందు కింద లెక్క. పొరపాటున తెచ్చి జైలు పాలైనవాళ్ళ కథలు చెప్పకుండా ఎవర్నీ విమానం ఎక్కించరు. నేను మొదటిసారి వస్తున్నప్పుడు మా అమ్మ దంచి పెట్టిన మసాలాని మా ఆయన హైదరాబాద్ విమానాశ్రయంలోనే చెత్తడబ్బాలో వేయించాడు. అప్పట్నుంచీ నేను జీడిపప్పు ముద్దతో నెట్టుకొస్తున్నాను.

ముందు నాకు కలిగింది భయం కాదు, పట్టరాని సంతోషం. ఓసినీ, ఇదా సంగతి! నేను చేతులు కట్టేసుకుని వండుతుంటే ఈవిడ దొంగ సరుకుతో వండి మెప్పులు కొట్టేస్తోందన్నమాట! భయం తర్వాత వచ్చింది. కాసేపట్లో సరిహద్దు. అక్కడ కుక్కలు. ఇది దొరికితే? బండి అనుమతి కాగితం మా ఆయన పేరు మీదే ఉంది. పాప బండిలోనే ఉంటుంది.

దాని వెంటే ఇంకో ఆలోచన కూడా వచ్చింది. మా ఆయన్ని పిలిచి ఈ డబ్బా చూపిస్తే చాలు. ఉద్యోగమంటే ప్రాణం పెట్టే మనిషి. గడప తొక్కనివ్వడు. నేను వద్దన్నానన్న చెడ్డపేరు కూడా నాకు రాదు. పొద్దుట్నుంచీ ఇసుకనడిగిన ప్రశ్నకి జవాబు నా చేతిలోనే ఉంది.

డబ్బా పట్టుకుని నిలబడే ఉన్నాను, ఆవిడ మెట్టెక్కి లోపలికొచ్చింది. చూసింది. తడి మొహంతో అలాగే ఆగిపోయింది.

"ఇదేంటి?" అన్నాను.

"మసాల అక్కా."

"మసాలాలో ఏముంది?"

"మా అమ్మ దంచి పంపింది. పొడి చేస్తే ఎవరు గుర్తుపడతరు అనుకున్న. పోయేటప్పుడు గూడ ఎవరు పట్టలే."

"నా నాలుక గుర్తుపట్టింది. ఆ కుక్కల ముక్కులు పట్టవా? మీ నాన్న బతుకంతా ఇక్కడే చేశాడు కదా, నీకు తెలీదా? పసిపిల్ల ఉంది బండిలో! నీకు బుద్ధుందా అసలు?"

ఆవిడ ఏడవలేదు. ఏడ్చుంటే నాకు ఇంకా తిట్టాలనిపించేదేమో. "తెలుసు" అంది. "మా నాయిన సెలవు మీద వచ్చినప్పుడల్ల అమ్మ కూరల గసాలు ఎక్కువ ఏస్తుండె. అక్కడ దొరకయి గద, తినిపోనీ అని. గా రుచి అంటే నాకు నాయిన ఇంట్ల ఉన్నట్టే. తప్పే అక్కా. ఇటియ్యుర్రి, పారబోసి వస్త."

డబ్బా లాక్కుని బంకు వెనక ఆడవాళ్ళ బాత్‌రూమ్ వైపు నడిచింది. నమ్మకం లేక వెంట వెళ్ళాను. పొడంతా వంపి, నీళ్ళు వదిలి, డబ్బాని సబ్బుతో మూడు నాలుగుసార్లు తోమింది. చున్నీ ముక్కని కూడా చెత్తలో పడేసింది. తోముతూనే అడిగింది.

"బావగారికి చెప్తరా?"

"చెప్తే?"

"చెప్పుర్రి. ఎట్లయినా నేను మీ ఇంటికి వస్తలేను."

"ఏంటీ?"

"నిన్ననే మా ఆయనకి చెప్పేసిన. ఆయన ఎవరితోనన్న రూమ్ షేరింగ్‌ల ఉంటడు. నేను ఊరికి పోత. కప్పు అయినంక చూద్దం, వస్తనో రానో. మా అమ్మ బతుకంత గట్లనే బతికింది, మొగుడు ఇక్కడ, తాను అక్కడ. నేను బతకలేనా?"

ఒళ్ళు మండిపోయింది నాకు. పొద్దుట్నుంచీ సింహాసనం మీద కూర్చున్నట్టు, ఇవ్వనా వద్దా అని నేను లెక్కలేస్తుంటే, ఈవిడ అసలు అడగనే లేదా! వద్దనే హక్కు కూడా నాకంటే ముందే తీసేసుకుందా! అందులోనూ ఈవిడదే పైచెయ్యా!

"మా ఇంటికేం తక్కువైంది నీకు?" అన్నాను. గొంతు లేచింది.

కొళాయి కట్టేసి నా వైపు తిరిగింది. "ఐదు దినాల సంది చూస్తున్న అక్కా. నా చేతి కూర ఒక్క బుక్క మీరు ముట్టలే. మా దిక్కు పగోళ్ళ ఇంట్ల గూడ మంచినీళ్ళన్న తాగి లేస్తరు. నా చెయ్యి అంత పనికిరానిదైతే నేను మీ వంటింట్ల ఎట్ల నిలబడాలె?"

ఎసిడిటీ అని మళ్ళీ అనబోయి ఆపేసుకున్నాను. ఇద్దరం బండి దగ్గరికి నడిచొచ్చాం. మెట్టు మీద కాలు పెట్టి ఆవిడ ఒక్కసారి ఆగిపోయింది.

"అక్కా! కూర!"

సగం గిన్నె కూర. అందులో ఆ మసాలా. ఉడికిన కూరలోంచి ఎవరు గింజలు ఏరతారు, ఏ కుక్క పసిగడుతుంది అని ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం ఇద్దరికీ ఆ గిన్నె బాంబులా కనిపించింది. ఆవిడ గిన్నె ఎత్తింది, చెత్తడబ్బాలో బోర్లిద్దామని.

"దించు" అన్నాను. "అంత కూర పారబోస్తారా ఎవరైనా? కూర్చో."

రెండు కంచాలు తీశాను. అన్నం పెట్టాను. గరిటెతో కూర ముందు నా కంచంలోనే వేసుకున్నాను. ఆవిడ నన్నే చూస్తోంది. మొదటి ముద్దకే అర్థమైంది, మా ఆయన కళ్ళెందుకు మూసుకున్నాడో. నేను మూసుకోలేదు. పంతం. రెండో ముద్ద, మూడో ముద్ద. ముక్క ఎముక నుంచి దానంతటదే విడిపోతోంది. పులుసు వేళ్ళ సందుల్లోకి జారుతోంది. ఐదు రోజుల పెరుగన్నం తర్వాత నా కడుపు ఆవురావురుమంటోంది. మళ్ళీ వేసుకున్నాను. ఆవిడా తినడం మొదలుపెట్టింది.

"బాగుంది" అన్నాను, కంచంలోకి చూస్తూ. "మొదటి రోజే తెలుసు బాగుందని. వాసనకే తెలిసింది. అందుకే తినలేదు."

ఆవిడ చెయ్యి ఆగింది. "అందుకేనా?"

"అందుకే. మా ఆయన నీ కూర తిని పొగుడుతుంటే నాకు కడుపు మండిపోయింది. ఇంకా మండుతూనే ఉంది. తిను, వాళ్ళొచ్చేస్తారు."

ఆవిడకి పొలమారింది. నవ్వో ఏడుపో తెలీలేదు. నీళ్ళిచ్చి నెత్తి మీద తట్టాను. ఇద్దరం పోటీ పడి గిన్నె అడుగు గీకేదాకా తిన్నాం. మగవాళ్ళొచ్చేసరికి నేను ఎముక చీకుతున్నాను. మా ఆయన తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"ఎసిడిటీ?"

"తగ్గింది" అన్నాను.

సౌదీ వైపు కాగితాల పని అయిపోయి, అబూ సమ్రాలో ఖతర్ కస్టమ్స్ ఆఫీసరు బండెక్కాడు. పడుచువాడు. అలమరలు తీశాడు, మంచం కింద లైటు వేసి చూశాడు. పొయ్యి మీది గిన్నె మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పక్కన తోటికోడలు నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వల్లాహ్!" అన్నాడు ఆఫీసరు. గిన్నె వంచి చూపించి, హిందీలో "ఖానా కిధర్?" అన్నాడు.

"ఖలాస్" అన్నాను.

"కుల్లు ఖలాస్?" అంతా అయిపోయిందా అని బాధగా అడిగి, మూత పెట్టేసి, ఇక పొమ్మని "యల్లా, యల్లా" అంటూ దిగిపోయాడు. ఇక మేమిద్దరం ఆగలేకపోయాం. మంచం మీద పడి దొర్లి దొర్లి నవ్వాం. మా ఆయనా మరిదీ మొహమొహాలు చూసుకున్నారు. ఏమైందని అడిగితే ఇద్దరం ఒకేసారి "ఏం లేదు" అన్నాం.

సాల్వా రోడ్డెక్కేసరికి ఎండ వాలుతోంది. దారి పొడుగునా జెండాలు, కప్పు బొమ్మలు, ఇంకా తవ్వుతున్న పక్క రోడ్లు, పసుపు కోట్లు వేసుకుని మొక్కలు నాటుతున్న మనుషులు. కొత్త స్టేడియం ఒకటి పళ్ళెంలా దూరంగా కనిపిస్తే పాప కేకలేసింది. మా ఆయన గొంతు సవరించుకున్నాడు.

"దోహా వచ్చేసింది. చెప్పు మరి."

"నన్నడుగుతావేంటి? అడగాల్సింది తనని."

"తననెందుకు?"

నేను సీట్లోంచి వెనక్కి తిరిగాను. అందరూ వినేలాగే అడిగాను. "ఏమ్మా, కప్పు అయ్యేదాకా మా ఇంట్లో ఉంటావా, ఊరెళ్ళిపోతావా? నువ్వెళ్ళిపోతే నీ మొగుడు రూముల్లో ఏం తింటాడో తెలీదు. ఉండు. నేను అడుగుతున్నాను, ఉండు."

ఇలాంటి మాట నా నోట్లోంచి వస్తుందని నేనే అనుకోలేదు. మా మరిది ఊపిరి బిగబట్టి భార్య వైపు చూస్తున్నాడు. ఆవిడ పాప జడ చివర రిబ్బను విప్పి మళ్ళీ ముడేసింది.

"మళ్ళ ఎసిడిటీ రాదు గద?" అంది చివరికి.

"రాదు."

"అయితే వస్త."

వారం తిరక్కుండానే సామాన్లతో వచ్చేశారు. ఒక గది వాళ్ళకిచ్చాం. వంటిల్లు ఇద్దరిదీ అయింది. నా జీడిపప్పు ముద్దే వేసి ఆవిడ కోడికూర వండింది. గసగసాల వాసన లేదు, ఊరి మసాలా లేదు. అయినా మా ఆయన "అమ్మాయ్, అదిరిపోయింది" అన్నాడు. అప్పుడు గానీ నాకు బుర్రకెక్కలేదు, తేడా ఆ డబ్బాలో లేదని. ఆ రోజంతా గిన్నెలు కాస్త గట్టిగానే పెట్టాను. ఆవిడ ఏమీ అనుకోలేదు. నాకు ఏ రోజు కుళ్ళు పుట్టిందో మొహం చూసి చెప్పేస్తుంది ఇప్పుడు. "అక్కా, ఇయ్యాల ఎక్కువున్నట్టుంది" అంటుంది. "నోర్ముయ్" అంటాను.

ఒక శుక్రవారం ఆవిడకి ఒంట్లో బాగోలేదు. స్టూలు మీద కూర్చుని ఉల్లిపాయలు కోసిచ్చింది, వంటంతా నేనే చేశాను. గుత్తివంకాయ. మా అమ్మ చేసే పద్ధతి, పొయ్యి దగ్గరే నిలబడి సన్న సెగ మీద చేసేది. మగవాళ్ళు కంచాల ముందు కూర్చున్నారు. మా ఆయన ఒక కాయ విరిచి నోట్లో పెట్టుకున్నాడు. ఇంకోటి విరిచాడు. వంటింటి వైపు తలెత్తి, "అమ్మాయ్! వంకాయ ఇంత బాగా ఎవరూ చెయ్యలేరమ్మా. అద్భుతం!" అన్నాడు.

ఆవిడ స్టూలు మీంచి లేవబోయింది. "అయ్యో బావగారూ, గది చేసింది నేను కాదు" అనడానికి నోరు తెరిచింది. నేను ఆవిడ భుజం నొక్కి కూర్చోబెట్టాను. ఎందుకో మొదట నాకే తెలీలేదు. నాదని చెబితే ఏమంటాడో నాకు తెలుసు. "ఓ, నీదా" అంటాడు. అని తల దించుకుని తినేస్తాడు. అప్పుడు ఆ అద్భుతం కూడా మిగలదు. ఇన్నేళ్ళకి ఒక్కసారి వచ్చిన మాట, దాన్నెందుకు పోగొట్టుకోవాలి?

ఆవిడ నా చెయ్యి భుజం మీదే పట్టుకుని ఉంచింది, కళ్ళలో నీళ్ళు. నేను వదిలించుకుని గిన్నె తీసుకెళ్ళి, ఆయన కంచంలో ఇంకో రెండు కాయలు వేశాను.

"చెప్తాలే తనకి, నీకు నచ్చిందని" అన్నాను.